చేపల తొట్టి నీళ్ళు

మా వీధిలో ఎర్రదుమ్ము పట్టని వస్తువు ఉండేది కాదు. పోర్టులో ఇనుపరాయిని ఓడలకెక్కించే రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కావిరంగుకు వచ్చేది. కిటికీ చువ్వలు, బిందెల మీది మూతలు, గుమ్మం పక్కన మొక్కల ఆకులు, నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల అంచులు, అన్నీ ఆ రంగే. ఇంట్లో తేటగా ఉండేది ఒక్కటే, అన్నయ్య చేపల తొట్టిలోని నీళ్ళు.

ఎనభైలు మొదలైన కొత్త రోజులు అవి. అన్నయ్య డిప్లొమా చదివి, కూర్మన్నపాలెం అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. ఫ్యాక్టరీ గెస్ట్ హౌసులో అన్నయ్య ఒకసారి చేపల తొట్టిని చూశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇంకో మాట మాట్లాడలేదు. కొన్నాళ్ళకు ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వెల్డింగ్ చేయించిన ఇనుప చట్రం, ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్లో కోయించిన అద్దాలు, ఒక డబ్బాడు పుట్టీ ముందేసుకుని వరండాలో కూర్చున్నాడు.

"ఏట్రా ఇది?" అంది అమ్మ.

"సేపల తొట్టి అమ్మా."

"సేపలు కూరలో ఉండాల గానీ తొట్టిలో ఏటికిరా?"

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజున కూడా ఎప్పుడు ఆగిపోతుందో తెలియక బిందెల వరసలో ఆడవాళ్ళు ఒకరి జడ ఒకరు పట్టుకునేంత పని అయ్యేది. ఆ నీళ్ళ విలువ తెలిసింది అమ్మకే.

"మనుసులు మొగాలు కడుక్కోడానికే నీలు నేవు. ఈ సేపలకెన్ని బిందెలు పోత్తావు?"

"ఒక్కపాలి నింపుతానే. తరవాత నీ బిందె ముట్టను."

"ముడితే?"

"ముడితే ఆటిని నువ్వు పులుసెట్టీ."

ఆ మాట నిలబెట్టుకోవడానికి అన్నయ్య పడ్డ పాట్లు మా ఇంట్లో చాలాకాలం నవ్వులాటగా ఉండేవి. మొదట్లో వారం వారం తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్ళు పోశాడు. అందుకు తన స్నానం మానుకున్నాడు. అయినా చేపలు చచ్చిపోయేవి. అప్పుడు నేను లైబ్రరీలో వెతికి చేపల పెంపకం మీద ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చాను. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు గానీ పుస్తకం వెతికి పెట్టడం చేతనవును. దాన్ని ఇద్దరం కలిసి చదివాం. నీళ్ళన్నీ మార్చడమే తప్పని, పావు వంతు తీసి పావు వంతు పోస్తే చాలని, మిగతా పని ఫిల్టరు చూసుకుంటుందని అందులో ఉంది.

ఫిల్టరు కూడా ఇంట్లోనే చేశాడు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో అడుగున కొబ్బరిచిప్పల బొగ్గు, దాని మీద ఇసుక, పైన స్పాంజి. గాలి మోటారు బుడగలతో పాటు నీళ్ళను పైకెత్తి ఆ డబ్బాలో పోసేది. అవి వడకట్టుకుని మళ్ళీ తొట్టిలోకి జారేవి. ఇసుక కోసం సముద్రం దగ్గరికి వెళ్ళలేదు, అందులో ఉప్పుంటుందని. ఎక్కడో మంచినీటి గెడ్డ ఒడ్డు నుంచి సైకిలు మీద సంచీడు తెచ్చాడు.

శనివారం చేపల నీళ్ళ రోజు. అన్నయ్య ఒక రబ్బరు గొట్టం తొట్టిలో ముంచి, రెండో కొన నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. నీళ్ళు అందగానే కొనను బకెట్లోకి వదలాలి. ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యమై, ఒక గుక్కెడు నోట్లోకి వెళ్ళేది.

"ఎలగుంది?" అని అడిగేదాన్ని నేను, అడగకుండా ఉండలేక.

"ఉప్పెయ్యటం మర్సిపోయిన అమ్మ సారులాగుంది," అనేవాడు ఉమ్మేసి. వంటింట్లోంచి గరిటె చప్పుడు గట్టిగా వినిపించేది.

ఆ బకెట్టు నీళ్ళలోనే ఫిల్టరు స్పాంజిని పిండి కడిగేవాడు. కుళాయి నీళ్ళతో కడగకూడదట, నీళ్ళను బాగుచేసే కంటికి కనపడని క్రిములు చచ్చిపోతాయట. అలా ఆ నీళ్ళు గోధుమరంగు తిరిగాక, గుమ్మం పక్కనున్న అమ్మ నందివర్ధనానికి, కరివేపాకుకు పోసేవాడు. తొట్టిలో తగ్గిన పావు వంతుకు తన స్నానంలోంచి సగం బకెట్టు మిగిల్చి, కుళాయి మందు వాసన పోయేదాకా ఒక రోజు మూత లేకుండా ఉంచి, అప్పుడు పోసేవాడు. అమ్మ బిందెను నిజంగానే ముట్టలేదు.

ఆ ఏడు నందివర్ధనం పూసినట్టు ఎప్పుడూ పూయలేదు. ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టడానికి అమ్మ పళ్ళెం నిండా కోసుకెళ్ళేది. పక్కింటి అత్తయ్యగారు గోదావరి వైపు మనిషి. గోడ మీంచి తొంగిచూసి, "వదినగారూ, మీ చేపల తీర్థం మా గులాబీక్కూడా ఓ చెంబుడు పోయించండీ," అన్నారు.

"తీర్థమేటి వొదినా, మేం కిరస్తానీలం," అంది అమ్మ. "మురుగనుకో. మరి పోత్తాడు."

మరుసటి వేసవిలో వీధి చివర కుళాయి గొట్టం పగిలింది. పక్కనే మురుగుకాలువ. పగిలిన సంగతి ఎవరికీ తెలియదు. నీళ్ళు కాస్త వాసన వస్తున్నాయని అనుకున్నాం గానీ, ఆ మాత్రమైనా వస్తున్నాయి కదా అని పట్టుకుని తాగాం. మా వీధిలో చాలామంది కళ్ళు పచ్చబడ్డాయి. మా ఇంట్లో ముందు అమ్మకు, తర్వాత అన్నయ్యకు. ఇద్దరికీ నేలఉసిరి నూరి ఇచ్చాం. అమ్మ మంచం మీద ఉంది, అన్నయ్యను ఆసుపత్రిలో చేర్చారు.

నాన్న రోజూ ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అమ్మ మంచం దగ్గరికి వెళ్ళేవాడు.

"కామెర్లే కదా. తగ్గిపోతన్నాయి. నువ్వు గంజి తాగు."

డాక్టరు చెప్పింది వేరు. అది నాన్న ఒక్కడికే తెలుసు. నాకూ చెప్పలేదు. అన్నయ్యను తెల్లగుడ్డ కప్పి ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసింది. ఏడుపు ఆగాక ఒకే ఒక మాట అంది. "ముందు సెప్పుంటే పాక్కుంటూనైనా ఎల్లేదాన్ని."

"నువ్వు బెంగెట్టుకుంటావని," అన్నాడు నాన్న.

తర్వాత నా డైరీలో చాలా రోజులు ఏమీ రాయలేదు. రాయబోతే ఒకే ఆలోచన వచ్చేది. చేపలకు పోసే నీళ్ళను ఒక రోజు ఉంచి, వాసన చూసి, బొగ్గులోంచి ఇసుకలోంచి వడకట్టిన మనిషి, తను తాగే నీళ్ళను బిందెలోంచి ముంచుకుని తాగేశాడు. మేమందరం అలాగే తాగాం. ఆ ఆలోచనను కాగితం మీద పెట్టాలంటే చెయ్యి రాలేదు.

తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు నాన్న. అమ్మ వినిపించుకోలేదు. కాస్త ఓపిక వచ్చి, వానలు వెనకబట్టాక ఒక శనివారం తనే తొట్టి దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య గొట్టం మేకుకు వేలాడుతోంది, దాన్ని తాకలేదు. చెంబుతో ముంచి బకెట్లో పోసింది. స్పాంజి అందులో కడిగింది, అన్నయ్య కడిగినట్టే, రెండు చేతులతో మెల్లగా నొక్కి. ఆ నీళ్ళను గుమ్మంలో మొక్కలకు పోయకుండా, పాత కిరసనాయిలు డబ్బాను బాగా తోమి దాంట్లో పోసింది.

"పాపా, సెప్పులేసుకో," అంది.

మా సమాధుల తోట కొండ వాలులో ఉంటుంది. అక్కడి కుళాయి వేసవి పోయినా రాదు. వానలు పడ్డప్పుడు అమ్మ మా గుమ్మంలోని నందివర్ధనం కొమ్మ ఒకటి విరిచి అన్నయ్య తలవైపు గుచ్చింది. ఆ కొమ్మ కోసమే ఈ నీళ్ళు. బస్సెక్కగానే కండక్టరు డబ్బా చూసి ముక్కు మూసుకున్నాడు.

"కిరసనాయిలు బస్సులో ఎక్కించకూడదమ్మా."

"కిరసనాయిలు కాదు బాబూ. సేపల నీలు."

"సేపలేవి మరి?"

"ఇంటికాడున్నాయి."

"సేపలింటికాడ, నీలు బస్సులో," అన్నాడు వెనక సీటు వాళ్ళతో. అందరూ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను. అమ్మ మాత్రం డబ్బా మూత మీద చెయ్యి తీయకుండా, "మా అబ్బాయికి," అంది. కండక్టరు అమ్మ మొహం చూసి, ఇంకేమీ అడగకుండా టిక్కెట్లు చింపాడు. తర్వాత్తర్వాత మమ్మల్ని చూస్తే డబ్బాకు తనే చోటు చేసేవాడు.

కొమ్మ బతికింది. చిగురు చూసిన రోజు అమ్మ ఇంటికి వచ్చి, అడగకుండా తనే కంచం పెట్టుకుని అన్నం తింది. నాన్న నా వైపు చూశాడు. ఆ తర్వాత అమ్మ పక్కింటి అత్తయ్యగారితో మాట్లాడటం, కుళాయి దగ్గర వరసలో తగవు పడటం మొదలుపెట్టింది. క్రిస్మస్ దాటాక ఆ మొక్కకు మొదటి పువ్వు పూసింది. దాన్ని కోయలేదు.

"ఆడి నీలు ఆడికే ఎల్తన్నాయి," అంది నాతో, తోటలోంచి దిగుతూ.

మాలో ఈస్టరు తెల్లవారుజామున సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు నిలబడి పాడతారు. ఆ ఏడు అన్నయ్యకు మొదటి ఈస్టరు. అమ్మ అందరికీ చెప్పింది, పూర్ణా మార్కెట్టు పూలు కొననని, మొక్క మీది పూలే చాలని. మొగ్గలు నిండుగా ఉన్నాయి.

మా ఇంట్లో మిగిలినవి కొన్ని చేపలే. అందులో నల్లటి పెద్దది అన్నయ్యకు ఇష్టమైనది, వేలు చూపిస్తే వెంట వచ్చేది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం కూడికలకు అమ్మ, నేను వెళ్ళిన ఒక సాయంత్రం, దాని తోక మీద, రెక్కల మీద తెల్లటి చుక్కలు నాన్న కంటబడ్డాయట. హార్బరులో ఎవరినో అడిగితే కల్లుప్పు వేస్తే పోతుందన్నారట. మేము సముద్రం పక్కన పుట్టినవాళ్ళం. చేపకు ఉప్పు మేలే చేస్తుందంటే నమ్మడానికి మాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. నాన్న రోజూ ఒక గుప్పెడు వేశాడు. చుక్కలు అమ్మకు కనపడకుండా తొట్టి మీద దుప్పటి కప్పి, "ఎండ తగుల్తంది, తీయకండి," అన్నాడు. శనివారం నాడు ఆ నీళ్ళు తనే తీసి కాలువలో పారబోద్దామనుకున్నాడు.

అమ్మ శనివారం దాకా ఆగలేదు. ఎండలు ముదిరాయి. సమాధుల దగ్గర మొక్క ఆకులు అంచుల్లో మాడుతున్నాయని, దాహంతో ఉందని, ఆ వారమంతా నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు దుప్పటి ఓ పక్కకు తొలగించి చెంబుతో ముంచుకుని వెళ్ళింది. ఆకులు ఇంకా మాడాయి. ఇంకో డబ్బా పట్టుకెళ్ళింది. మొగ్గలు విచ్చకుండానే రాలడం మొదలుపెట్టాయి.

"ఎండ," అంది అమ్మ. "ఇంకాసిన్ని పోత్తే తేరుకుంటాది."

శుభ శుక్రవారం పొద్దున. అమ్మ ఉపవాసం. చర్చికి తెల్లచీర కట్టుకుంటూ, దారిలో మొక్కకు పోసి వెళ్దాం, నీళ్ళు తియ్యమని నాతో చెప్పింది. నేను చెంబు తీసుకోలేదు. ఆ రోజెందుకో అన్నయ్య గొట్టాన్ని ముట్టుకోవాలనిపించింది. మేకు నుంచి తీశాను. రబ్బరు గట్టిపడి, చుట్టిన వంపు వదలలేదు. ఒక కొన తొట్టిలో ముంచి, రెండోది నోట్లో పెట్టుకుని లాగాను. నాకు చేతకాక గుక్కెడు నోట్లోకి వచ్చింది.

ఉమ్మేశాను. నాలుక మీద రుచి మిగిలింది. నాన్న వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, నీలు ఉప్పగున్నాయేటి?"

గుడ్డ ఆగింది. "నోట్లో ఏసుకున్నావేటి నువ్వు?"

"గొట్టంతో లాగినాను."

అమ్మ చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని అలాగే గదిలోంచి వచ్చింది. "ఉప్పేటి?"

నాన్న నన్ను చూశాడు, తొట్టిని చూశాడు. ఇంక దాచడానికి చోటు లేదు. "సేపకి సుక్కలొచ్చినాయి. ఉప్పేత్తే పోతాయన్నారు. ఏసినాను."

"ఎప్పట్నించి?"

"మొన్న మట్టలాదివారం నించి."

అమ్మ కుచ్చెళ్ళు వదిలేసింది. చీర నేల మీద కుప్పగా పడింది. "నాకు సెప్పనేదేం?"

"నువ్వు బెంగెట్టుకుంటావని."

"అప్పుడూ అదే అన్నావు," అంది అమ్మ.

గొంతు పెంచలేదు. వంగి చీర ఎత్తుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళి, కట్టుకుని, బైబిలు తీసుకుని బయల్దేరింది. నేను వెంట వెళ్ళాను. ఆ మధ్యాహ్నం చర్చిలో, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటలూ విన్నాం. "దప్పిగొనుచున్నాను" అన్న మాట దగ్గర అమ్మ బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ తెరవలేదు.

నాన్న చర్చికి రాలేదు. ఇంట్లో ఉన్న బిందెలన్నీ డబ్బాల్లోకి ఒంపుకుని, సైకిలుకు రెండు వైపులా కట్టుకుని కొండ దాకా వెళ్ళి, అక్కడి నుంచి తాడుతో భుజాన వేసుకుని పైకి మోశాడు. మట్టిలోంచి ఉప్పు కడిగెయ్యాలని. నీళ్ళు అయిపోతే పక్కింటి అత్తయ్యగారు తమ బిందె ఇచ్చి, "మాకేం పర్లేదన్నయ్యగారూ, పట్టుకెళ్ళండి," అన్నారట. కుళాయి రాని రోజు అది. సాయంత్రం మేము వచ్చేసరికి ఇంట్లో తాగడానికి గ్లాసు నీళ్ళు లేవు. నాన్న చొక్కా భుజాల దగ్గర తాడు ఒరుసుకుని చిరిగింది. ఆ రాత్రి ముగ్గురం ఉపవాసమే.

ఈస్టరు తెల్లవారుజామున కొండంతా కొవ్వొత్తులు. ఎటు చూసినా బంతిపూలు, చామంతులు. మా మొక్క మీద నాలుగైదు ఆకులు గోధుమరంగులో వేలాడుతున్నాయి, తాకితే పొడి అయ్యేట్టు. కొత్త సున్నం మీద రాలిన మొగ్గలు. పక్క సమాధి దగ్గరున్న ఆవిడ తన పళ్ళెంలోంచి దోసెడు పూలు తీసి అమ్మ వైపు చాపింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఒక్క కొవ్వొత్తి వెలిగించి, అందరూ పాడుతున్న పాటలో పెదవులు కదిపింది. నాన్న కాస్త దూరంగా, ఎవరి సమాధి దగ్గరికో వచ్చినవాడిలా నిలబడ్డాడు. పాట అయిపోయాక అమ్మ నాన్నను పిలవలేదు. దిగేటప్పుడు ముగ్గురం ఒకరి వెనక ఒకరం దిగాం.

చేప బతికింది. చుక్కలు పోయాయి. వేలు చూపిస్తే మళ్ళీ వెంట రాసాగింది. అమ్మ దాని వంక చాలా రోజులు చూడలేదు.

వానలు పడ్డాక ఇంకో కొమ్మ గుచ్చాం, అది అంటుకోలేదు. దాని తర్వాతిదీ అంతే. కానీ శనివారం శనివారం తొట్టిలోంచి పావు వంతు నీళ్ళు తీయక తప్పదు. తీసినవి ఎక్కడో పోయక తప్పదు. అమ్మ డబ్బా పట్టుకుని కొండకు వెళ్తూనే ఉంది. మొక్క లేని మట్టి మీద, తలవైపు, అదే చోట పోసి వచ్చేది. మా గుమ్మంలో నందివర్ధనానికి మాత్రం బియ్యం కడిగిన నీళ్ళే.

నాన్నకు ఒక అలవాటు వచ్చింది. శనివారం డ్యూటీ నుంచి రాగానే వంటింటి గడప దగ్గర నిలబడి, "ఈ వారం ఏటీ కలపనేదు," అనేవాడు. అమ్మ బకెట్లో వేలు ముంచి నాలుకకు రాసుకుని, అప్పుడు డబ్బాలో పోసేది. నాన్న అది చూస్తూ నిలబడేవాడు. ఇంక రుచి చూడటం ఆపమని అమ్మకు చెప్పాలని ఉండేది నాకు.

మిగతా చేపలు ఒక్కొక్కటిగా పోయాయి. నల్లది ఒక్కటే చాలాకాలం ఉంది. ఒక పొద్దున నాన్న డ్యూటీకి వెళ్ళబోతూ తొట్టి దగ్గర ఆగాడు. బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు, అమ్మకు బూట్లంటే పడదని తెలిసీ.

"సేప సచ్చిపోనాది," అన్నాడు.

"ఎప్పుడు?"

"తెలీదు. ఇప్పుడే సూసినాను. సూసి తిన్నగా నీకాడికే వొచ్చినాను."

అమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. కొంగుతో చేతులు తుడుచుకుని, చాలా ఏళ్ళ తర్వాత నాన్న మొహంలోకి చూసింది.

"నీలు మొత్తం తీసీ," అంది. "గొట్టంతో."

నాన్న ఆ రోజు డ్యూటీ మానేశాడు. మేకు మీది గొట్టం తీసి, నోట్లో పెట్టుకుని పీల్చాడు. తొట్టి అడుగు కనపడేదాకా ఆగకుండా తీశాడు. డబ్బాలు, బకెట్లు, రెండు బిందెలు నిండాయి. తన బిందెల్ని ముట్టినందుకు అమ్మ ఏమీ అనలేదు. ఫిల్టరు స్పాంజిని చివరిసారి అందులో కడిగింది. నాన్న రిక్షా పిలిచి అన్నీ ఎక్కించి, అమ్మ ఎక్కడానికి చెయ్యి అందించాడు.

ఎక్కేముందు అమ్మ అలవాటు ప్రకారం మొదటి డబ్బా మూత తీసి, వేలు ముంచి, నాలుకకు రాసుకుంది. నాన్న ఎదురుగా నిలబడి చూస్తున్నాడు.

"ఏటీ నేదు," అంది అమ్మ. "పద."